నూనెచేతుల రివ్వి, నూట ఎనిమిది వెలగకాయలు

రండి నాయనా, రండి తల్లీ. దగ్గరికి జరగండి. ఆ గోడవార కూర్చున్నవాళ్ళు కూడా ముందుకొచ్చెయ్యండి, చాప మీద ఇంకా చోటుంది. కథ మొదలుపెట్టేముందు ఆ చల్లని స్వామికి ఒక దణ్ణం పెట్టుకుందాం. పెట్టారా? మూడో వరసలో ఒకరు ఒంటిచేత్తో పెట్టారు, నేను చూశాను. రెండు చేతులూ కలపాలి బంగారూ. ఆఁ, అదీ! ఇవాళ్టి కథంతా చేతుల గురించే. చెవులు ఇటివ్వండి, వినండి.

చుక్కలకోన అని ఒక అడవి. అందులో ఏనుగులు, దుప్పులు, కొండముచ్చులు, అడవిపందులు, కుందేళ్ళు ఉండేవి. ఆ కోనకి తూర్పున బూడిదగట్టు అని ఇంకో అడవి. అక్కడ రేచుకుక్కలు, ఎలుగుబంట్లు, నక్కలు ఉండేవి. రెండు అడవులకీ నడుమ ఒక చెలమ. ఎండాకాలం వచ్చిందంటే వాగులన్నీ ఎండిపోయి, ఆ చెలమ ఒక్కటే మిగిలేది.

ఒక్క చెలమ, రెండు అడవులు. ఎవరు ముందు తాగాలి? పంజాలతో తేల్చుకుంటే తాగడానికి ఎవరూ మిగలరు. అందుకని పూర్వం పెద్దలు ఒక ఆట పెట్టారు. ఏటా చైత్ర పౌర్ణమి నాడు, పట్టపగలు, వెలగకాయ ఆట. గెలిచిన అడవి వేసవంతా తెల్లవారుజాము నుంచి చల్లటి నీళ్ళు తాగుతుంది. ఓడిన అడవి మిట్టమధ్యాహ్నం దాటాక వచ్చి, అడుగున మిగిలిన బురదనీళ్ళు తాగుతుంది.

ఆట తేలికే. ఒక అడవి తరఫున ఒకరు వెలగకాయ విసురుతారు. అదే అడవి తరఫున ఇంకొకరు పరుగెత్తుకుంటూ వెళ్ళి, కాయ నేల తాకకముందే పట్టుకుని, అవతల ఉన్న నల్లబండ మీద పెట్టాలి. ఎదుటివాళ్ళు అడ్డం రావచ్చు, తోయవచ్చు. కరవకూడదు, గీరకూడదు. ఒక్కో అడవికి అయిదు కాయలు. ఎక్కువ కాయలు బండెక్కించినవాళ్ళది గెలుపు. సమానంగా వస్తే కిందటేడు గెలిచినవాళ్ళదే మళ్ళీ చెలమ.

చుక్కలకోన మూడేళ్ళుగా ఓడిపోతూనే ఉంది.

ఇప్పుడు మన రివ్వి దగ్గరికి వద్దాం. రివ్వి పడుచు కొండముచ్చు. నల్లటి మొహం, పొడుగాటి తోక, నేలమీద కాలు ఆనిందా లేదా అన్నట్టు పరుగు. రివ్వున పోతుంది గనుక రివ్వి అన్నారు. దుప్పులు కూడా దానితో పందెం కట్టేవి కావు. కిందటేడు ఆటలో కాయ పట్టే పని దానికే ఇచ్చారు.

రివ్వి అందరికన్నా ముందు కాయ కిందికి చేరింది. అయిదుసార్లూ చేరింది. అయిదుసార్లలో నాలుగుసార్లు కాయ దాని చేతుల్లో పడి, జారి, బండరాళ్ళ మీద టప్పున పగిలింది. ఆఖరి కాయ పట్టి ఉంటే గెలిచేవాళ్ళు. పట్టలేదు.

ఆ వేసవిలో రివ్వి పిన్ని పగడమ్మ నిండు చూలాలు. బురదనీళ్ళ కోసం మండుటెండలో నడిచొచ్చి, చెలమ ఒడ్డున సొమ్మసిల్లి పడిపోయింది. నలుగురూ ఆకులతో విసిరి, మొహాన నీళ్ళు జల్లితే గాని లేవలేదు. దేవుడి దయవల్ల తల్లీ బిడ్డా దక్కారు. కానీ పిన్ని అలా పడిపోవడం రివ్వి చెట్టుమీద నుంచి చూసింది. ఎవరూ దాన్ని ఒక్క మాట అనలేదు. అననక్కర్లేదు కదమ్మా, దానికి తెలుసు.

ఆ తర్వాత మాత్రం అందరూ అన్నారు. అడవంతా దానికి ఒకటే పేరు. నూనెచేతుల రివ్వి!

ఏడాది తిరిగింది. ఫాల్గుణం వచ్చింది. ఆటకి ఇంకా నలభై ఒక్క రోజులు. చుక్కలకోన జంతువులన్నీ కూడాయి. ఆటగాళ్ళని ఎంచేది దుప్పుల పెద్ద రాయుడు. ఆయన కొమ్ములు చూస్తే చెట్టు నడిచొస్తోందా అనిపించేది. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

రాయుడు గొంతు సవరించుకుని అన్నాడు. "ఈసారి కాయ పట్టేది మన దేవాంగపిల్లి నిబ్బరయ్య."

అందరూ నిబ్బరయ్య వైపు చూశారు. కొమ్మని కావలించుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు నిబ్బరయ్య. ఆయన దేన్నైనా పట్టుకున్నాడంటే విడిపించడం ఎవరివల్లా కాదు. ఆ మాట నిజమే. కానీ దేవాంగపిల్లి రాత్రి తిరిగే జీవి. పగటివెలుగులో కళ్ళు విప్పలేదు. పైగా ఈ కొమ్మ నుంచి ఆ కొమ్మకి పోవడానికి పూట పడుతుంది.

నిబ్బరయ్య మెల్లిగా నోరు విప్పాడు. "పెద్దయ్యా... ఆట... పగలు కదా..."

"అయితే ఏం?"

"పగలు... నాకు... కాయే కనబడదే."

పిల్లజంతువులు కిసుక్కున నవ్వాయి. రాయుడికి కోపం వచ్చింది. "కనబడకపోతే పోనీ. నీ చేతులు జారవు. అది చాలు."

అప్పుడు రివ్వి కొమ్మ మీద నుంచి దభీమని మధ్యలోకి దూకింది.

"పెద్దయ్యా, నేను పడతాను."

"నువ్వా? నీ చేతులకి అంటిన నూనె ముందు కడుక్కురా పో!"

మళ్ళీ నవ్వులు. నిబ్బరయ్య మాత్రం నవ్వలేదు. రివ్వి మొహం దించుకోలేదు. "కిందటేడు పడేశాను. నిజమే. ఆ నాలుగు కాయలూ నాకు ఇప్పటికీ కల్లో పగులుతున్నాయి. అందుకే మళ్ళీ పడతానంటున్నా. ఎవరూ పరుగెత్తలేనంత వేగంగా నేను పరుగెత్తుతున్నానా లేదా? అది చెప్పండి."

"పరుగు ఉంటే ఏం లాభం? చేతులనేవి పుట్టుకతో రావాలి. దేవుడు నీకు కాళ్ళిచ్చాడు, చేతులివ్వలేదు. అంతే!"

ఆ మాటకి వెనక నుంచి నేల అదిరింది. ముసలి ఏనుగు ముత్తెమ్మ లేచి నిలబడింది. ఇరవయ్యేళ్ళుగా ఆటలో కాయ విసిరేది ఆవిడే. చెవులు చిరిగాయి, నడక మందగించింది, తొండంలో బలం మాత్రం తగ్గలేదు.

"రాయుడూ, దేవుడి పేరెత్తావు గనుక అడుగుతున్నా. ఈ పిల్లని చెయ్యడం అయిపోయిందని ఆయన నీకు కబురు పంపాడా?"

రాయుడు తడబడ్డాడు. "అది కాదు ముత్తెమ్మా..."

"ఆయన ఇంకా చేస్తూనే ఉన్నాడేమో. మధ్యలో నువ్వు అడ్డం వచ్చి, అయిపోయింది, బాగా రాలేదు, పారేద్దాం అంటావేం? విసిరేది నేను. నేను దీనికే విసురుతా. ఇష్టం లేకపోతే విసరడానికి ఇంకో తొండం చూసుకో."

చుక్కలకోనలో అలా విసిరే తొండం ఇంకోటి లేదు. రాయుడు పళ్ళు కొరుక్కున్నాడు. "సరే. ఆటకి ముందురోజు పరీక్ష పెడతా. పది కాయలు. అప్పుడు చూద్దాం మీ దేవుడు ఎంతవరకు చేశాడో."

"చూద్దువుగాని," అంది ముత్తెమ్మ.

మర్నాడు ఇద్దరూ వాగు ఇసుకలో తానమాడినట్టు పొర్లి, తూర్పుకి తిరిగి దణ్ణం పెట్టుకుని, నలభై ఒక్క రోజుల దీక్ష పట్టారు. ముత్తెమ్మకి వెలగకాయంటే ప్రాణం. చెట్టుకింద నిలబడితే గుటుక్కుమని మింగేసేది. "ఆట అయ్యేదాకా ఒక్క కాయ నోట పెట్టను" అని మొక్కుకుంది. రివ్వి దీక్ష ఇంకోటి. రోజుకి నూట ఎనిమిది కాయలు పట్టి, వాగు ఒడ్డు బండ మీద పెట్టాలి. జపమాలలో పూసల లెక్క. పట్టినవి నూట ఎనిమిదయ్యేదాకా చెట్టెక్కకూడదు, తినకూడదు.

మొదటి రోజు సంగతి విన్నారా? పట్టింది ఒకటైతే పగిలినవి ఏడు. ముత్తెమ్మ విసురుతుంది, రివ్వి రివ్వున పోతుంది, చేతులు చాస్తుంది, కాయ వాగు రాళ్ళ మీద టప్! మళ్ళీ విసురు, మళ్ళీ టప్! పొద్దు నెత్తికెక్కింది, పొద్దు వాలింది, నూట ఎనిమిది ఎక్కడ? నలభై కూడా కాలేదు. రివ్వి కడుపు మాడ్చుకుని ఇసుకలోనే పడుకుంది.

ఈ పగిలిన కాయలతో బాగుపడ్డది ఎవరయ్యా అంటే, అడవిపంది కూనలు. ఆరుగురు. పగిలిన గుజ్జు తియ్యగా, పుల్లగా ఉంటుంది. రోజూ తెల్లారకముందే వచ్చి వరసగా కూర్చునేవి.

"రివ్వక్కా, ఇవాళ కూడా పడేస్తావా?"

"పోండిరా అవతలికి!"

"నిన్న పెద్దకాయ పడేశావు కదా, అది బాగుంది అక్కా. ఇవాళ కూడా అలాంటిదే పడెయ్యక్కా."

రివ్వి కోపంతో చెయ్యెత్తేది. కూనలు నాలుగడుగులు పరుగెత్తి, మళ్ళీ వచ్చి కూర్చునేవి.

పదిరోజులు గడిచాయి. నూట ఎనిమిదీ పూర్తయ్యేసరికి ఏ అర్ధరాత్రో అయ్యేది. రివ్వి అరచేతులు కాయల దెబ్బలకి వాచిపోయాయి. పట్టినవి కాస్త పెరిగాయి గానీ, పగిలేవి అంతకన్నా ఎక్కువే. పదకొండో రోజు మధ్యాహ్నం, వరసగా పదమూడు కాయలు పగిలాయి. రివ్వి ఇసుకలో కూలబడింది.

"అవ్వా, రాయుడుగారు చెప్పిందే నిజమేమో. నాకు చేతులు లేవేమో."

ముత్తెమ్మ దగ్గరికొచ్చి తొండంతో దాని వీపు నిమిరింది. ఆవిడకి విసరడం వచ్చు. పట్టడం ఎలాగో ఆవిడకీ తెలియదు. పైగా చూపు ఆనదు, అంత దూరంలో రివ్వి ఏం చేస్తోందో కనబడదు.

అప్పుడు పక్క చెట్టుమీద నుంచి ఒక గొంతు వినబడింది. "నీ చేతులు బాగానే ఉన్నాయే రివ్వీ. నీ కళ్ళే ముందు వెళ్ళిపోతున్నాయి."

పగడమ్మ పిన్ని! ఒళ్ళో బిడ్డకి పాలిస్తూ, నాలుగు రోజులుగా ఈ తంతు అంతా చూస్తోంది.

"కళ్ళు వెళ్ళిపోవడమేంటి పిన్నీ?"

"కాయ ఇంకా జానెడు దూరంలో ఉండగానే నువ్వు బండ వైపు తిరిగిపోతున్నావు. కాళ్ళకి ఎక్కడలేని తొందర. కాయ చేతికి రాకముందే పరుగు మొదలెడుతున్నావు. చేతులు పాపం ఏం చేస్తాయి?"

"లేదు పిన్నీ! నేను కాయ వైపే చూస్తున్నా!"

పందికూనలు ఒక్కసారిగా గోలపెట్టాయి. "అబద్ధం! అబద్ధం! బండ వైపే చూస్తున్నావు అక్కా! మేం రోజూ చూస్తున్నాం!"

"ముందే చెప్పొచ్చు కదరా!"

"చెబితే నువ్వు పట్టేస్తావుగా?" అంది చిన్నకూన. దాని మాటలో అన్యాయమేం లేదు.

రివ్వి తల పట్టుకుంది. "తెలిసింది సరే. ఇప్పుడు ఈ కళ్ళని ఎలా ఆపను?"

పగడమ్మ చెట్టు దిగి వచ్చింది. తర్వాత ఒళ్ళో బిడ్డని రొమ్ము నుంచి విడిపించింది.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. కొండముచ్చుల్లో ఒక ఆచారం ఉంది. గుంపులో బిడ్డ పుడితే, ఆ బిడ్డ తల్లి ఒక్కదానిదే కాదు. పిన్నులు, అత్తలు, అక్కలు చేతులు మార్చుకుంటూ ఎత్తుకుంటారు. ఆడపిల్లలు అలా ఎత్తుకునే బిడ్డల్ని పెంచడం నేర్చుకుంటారు. రివ్వి ఈడు పిల్లలందరూ ఎత్తుకున్నారు. రివ్వికి మాత్రం ఇంతవరకు ఎవ్వరూ ఒక్క బిడ్డని ఇవ్వలేదు. నూనెచేతులని.

పగడమ్మ బిడ్డని చాచింది. "పట్టుకో."

రివ్వి రెండడుగులు వెనక్కి వేసింది. "వద్దు పిన్నీ."

పైకొమ్మల మీద గగ్గోలు మొదలైంది. "ఏమే పగడం, నీకు మతి పోయిందా? కిందటేడు అది జారవిడిచినందుకే కదటే నువ్వు ఎండలో పడిపోయావు! ఇప్పుడు బిడ్డని కూడా దాని చేతిలో పెడతావా?"

పగడమ్మ తలెత్తి గట్టిగా అంది. "బిడ్డ నాది. నమ్మకం నాది. చూడలేనివాళ్ళు అటు తిరగండి."

ఎవరూ అటు తిరగలేదు. 

పగడమ్మ బిడ్డని రివ్వి చేతుల్లో పెట్టింది.  నాయనా, అప్పుడు దానికి బండ గుర్తు రాలేదు, ఆట గుర్తు రాలేదు, రాయుడు గుర్తు రాలేదు. కళ్ళు బిడ్డ మొహం మీదనే ఉన్నాయి. చిన్నచిన్న కనురెప్పలు. ముక్కు మీద ఒక పాలచుక్క. వేళ్ళు వాటంతట అవే చుట్టుకున్నాయి. చేతులు వాటంతట అవే గుండెకి హత్తుకున్నాయి. బిడ్డ దాని పొట్ట బొచ్చు పట్టుకుని ఒక్కసారి ఆవలించి నిద్రపోయింది.

చాలాసేపటికి పగడమ్మ అడిగింది. "ఎటు చూశావే?"

"వీడి వైపే."

"ముందు ఏం చేశావు?"

"చూశా. తర్వాత పట్టుకున్నా. తర్వాత హత్తుకున్నా."

"పరుగెత్తాలనిపించిందా?"

రివ్వి తల అడ్డంగా ఊపింది. దాని కళ్ళనిండా నీళ్ళు.

"కాయనీ అలాగే చూడు. గుండెకి హత్తుకున్నాకే బండ వైపు తిరుగు. నీకున్న పరుగుకి ఆ రెప్పపాటు ఆలస్యం ఒక లెక్కా?"

ఆ రోజు నుంచి రివ్వి నోటితో మూడు మాటలు అనుకుంటూ కాయ పట్టేది. చూశా, పట్టా, హత్తుకున్నా. పొద్దున ఆట సాధన, సాయంత్రం పగడమ్మ బిడ్డని ఎత్తుకోవడం. ఇరవయ్యో రోజుకి మొదటిసారి పొద్దు వాలకముందే నూట ఎనిమిదీ పూర్తయ్యాయి. ముప్ఫయ్యో రోజుకి పందికూనలు చిక్కిపోయాయి.

"అక్కా, నీకు జాలి లేదక్కా," అని ఏడ్చింది చిన్నకూన.

"నూట తొమ్మిదో కాయ నీకేరా. ఇదిగో, తిను," అంది రివ్వి.

ఇక అంతా బాగైపోయిందనుకుంటున్నారా? మీరు మంచివాళ్ళు, అలాగే అనుకుంటారు. కానీ నలభయ్యో రోజు రాయుడు పరీక్ష పెట్టాడు. పదికాయల్లో రివ్వి ఏడు పట్టింది. మూడు పగిలాయి.

రాయుడు నవ్వాడు. "ఏడు! ఇన్నాళ్ళ దీక్షకి ఏడు! బూడిదగట్టు రేచుకుక్కలు మీద పడుతుంటే ఆ ఏడులో ఎన్ని మిగులుతాయి? ఓడిపోయే ఆట నేను చూడను. ఉత్తరాన కొండ అవతల పాముల మడుగు ఉంది. నా మందని తీసుకుని ముందే అక్కడికి పోయి మంచిచోటు పట్టుకుంటా. తర్వాత మీరు నాలుకలు వేలాడేసుకుని వస్తారు కదా, అప్పుడు మాట్లాడుకుందాం."

"పెద్దయ్యా," అంది రివ్వి. "కిందటేడు అయిదుకి ఒకటి. ఇప్పుడు పదికి ఏడు. మీకు పగిలిన మూడే కనబడ్డాయా?"

రాయుడు కొమ్ములు విసురుగా తిప్పాడు. దుప్పులన్నిటినీ వెంటపెట్టుకుని ఉత్తరానికి సాగిపోయాడు. ఎదుటివాళ్ళని అడ్డుకునేందుకు ఉండాల్సిన ఆటగాళ్ళలో సగం మంది అలా తగ్గిపోయారు. మిగిలింది అడవిపందులు, కుందేళ్ళు. నిబ్బరయ్య కూడా ఉన్నాడు. ఆయన ఎక్కడికైనా బయల్దేరినా చేరేసరికి వేసవి అయిపోతుంది.

చైత్ర పౌర్ణమి వచ్చింది. చెలమ ఒడ్డున ఒంటికాలి మీద నిలబడ్డ ముసలి కొంగ తీర్పరి. రెండు అడవులూ చెరోవైపు చేరాయి. రేచుకుక్కల నాయకుడు ఈలన్న రివ్విని చూడగానే పళ్ళికిలించాడు.

"ఏయ్ తోకపిల్లా! మళ్ళీ నువ్వేనా? మీ అడవిలో చేతులున్నవాళ్ళే కరువయ్యారా?"

"చేతులున్నవాళ్ళు మాకు బోలెడుమంది. మీకే పాపం ఒక్కరికీ లేవు, నోటితో పట్టుకుంటారు," అంది రివ్వి. పందులు ఘుర్రుమని నవ్వాయి.

ఆట మొదలైంది. బూడిదగట్టు తరఫున ఎలుగుబంటి విసిరింది. ఈలన్న గాల్లోకి ఎగిరి నోటితో అందుకుని బండ మీద పెట్టాడు. ఒకటి. ముత్తెమ్మ విసిరింది. రివ్వి చూసింది, పట్టింది, హత్తుకుంది, పరుగెత్తింది. ఒకటి. కోనంతా కేకలు.

రెండోసారి ఈలన్న మళ్ళీ పట్టాడు. రివ్వి పడేసింది. టప్! బూడిదగట్టు నక్కలు ఎగిరి గంతులేశాయి. "నూనె! నూనె! నూనె!"

రివ్వి వంగి ఆ పెంకులు ఏరి పక్కన పెట్టింది. ఎవరి వైపూ చూడలేదు. "విసురవ్వా!" అని గట్టిగా అరిచింది.

మూడోసారి పందులన్నీ ఒక్కటై ఈలన్నకి అడ్డం పడ్డాయి. కాయ అతనికి అందలేదు. రివ్వి పట్టింది. రెండు రెండు. నాలుగోసారి ఇద్దరికీ కాయ చిక్కలేదు. అయిదోసారి ఎలుగుబంటి ఆత్రంతో ఎంత బలంగా విసిరిందంటే, కాయ బండ దాటి తుప్పల్లో పడింది.

ఇక మిగిలింది ఒక్క కాయ. రివ్వి కాయ. పడితే చెలమ చుక్కలకోనది. పడకపోతే సమానం. సమానమైతే పాత లెక్కే, మళ్ళీ వేసవంతా మధ్యాహ్నపు ఎండ, బురదనీళ్ళు. కిందటేడు కూడా సరిగ్గా ఇక్కడే, ఇలాగే నిలబడింది రివ్వి.

ముత్తెమ్మ కళ్ళు మూసుకుని మనసులో ఒక దణ్ణం పెట్టుకుంది. తొండం చుట్టింది. విసిరింది. కాయ ఆకాశంలోకి లేచింది.

రివ్వి బయల్దేరింది. రేచుకుక్కలు ఈలలు మొదలుపెట్టాయి. అవి అంతే, ఈలలతోనే ఒకదానికొకటి కబురు చెప్పుకుని చుట్టుముడతాయి. కుడివైపు ఈల. ఎడమవైపు ఈల. వెనక ఈల, మరీ దగ్గరగా. రివ్వికి తల తిప్పాలనిపించింది. తిప్పలేదు.

ఈలన్నకి దాని జబ్బు తెలుసు. కిందటేడు చూశాడు కదా. పక్కనే పరుగెత్తుతూ కేకేశాడు. "బండ అదిగోవే పిల్లా! పది గంతులే! పరుగెత్తు! పరుగెత్తు!"

రివ్వి కాళ్ళు జివ్వుమన్నాయి. అవి వెళ్ళిపోదామన్నాయి. ఏడాది కిందట అయితే వెళ్ళిపోయేవి.

రివ్వి ఆగింది. నాయనలారా, అడవి మొత్తంలో ఎవరూ పట్టుకోలేని రివ్వి, చుట్టూ రేచుకుక్కలు మీద పడుతుంటే, కదలకుండా ఆగింది. కళ్ళు కాయ మీదే. కాయ దిగుతోంది. దాని బూడిదరంగు పెంకు కనబడింది. పెంకు మీద ముచ్చిక ఊడిన గుంట కనబడింది. చూశా. అరచేతుల్లో కాయ పడింది. పట్టా. పొట్టకి అదుముకుంది. హత్తుకున్నా.

అప్పుడు ఈలన్న వచ్చి ఢీకొట్టాడు. రివ్వి ఎగిరి పడింది. మూడు పల్టీలు కొట్టింది. దుమ్ము లేచింది. దుమ్ములో ఎవరికీ ఏమీ కనబడలేదు. రెండు అడవులూ నోళ్ళు తెరుచుకుని, టప్పుమనే చప్పుడు కోసం ఎదురుచూశాయి.

చప్పుడు రాలేదు.

దుమ్ములోంచి ఒక పొడుగాటి తోక లేచింది. రివ్వి లేచింది. ముంజేతులతో కాయని గుండెకి అదుముకునే ఉంది. అప్పుడు తిరిగింది బండ వైపు. ఇక ఆ పరుగు గురించి నేనేం చెప్పను? ఈలలు వెనకబడిపోయాయి.

కాయ నల్లబండ మీద కూర్చుంది.

"మూడు!" అంది కొంగ, మొట్టమొదటిసారి రెండోకాలు కూడా కింద పెట్టి.

ఏనుగులు ఘీంకరించాయి. కొండముచ్చులు కొమ్మలు విరిగేలా ఊపాయి. నిబ్బరయ్య కళ్ళు మూసుకునే అడుగుతున్నాడు. "పట్టిందా...? ఎవరైనా... చెప్పండయ్యా... పట్టిందా...?" ఆయనకి మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ సంతోషించాడు. ముత్తెమ్మ దీక్ష విరమించి, దగ్గరున్న వెలగకాయలన్నీ ఒక్కటొక్కటిగా మింగుతూ కూర్చుంది.

మర్నాడు తెల్లవారుజామున చుక్కలకోన చెలమకి వచ్చింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ముందు పసిబిడ్డల తల్లులు తాగారు. పగడమ్మ కడుపునిండా తాగి మూతి తుడుచుకుంది.

నాలుగోరోజు రాయుడు తిరిగొచ్చాడు. పాముల మడుగు ఎండి నెర్రెలిచ్చి ఉందట. మూడు రోజులు కొండలెక్కి దిగి, మందంతా నాలుకలు వేలాడేసుకుని వచ్చింది. ఆ పెద్ద కొమ్ముల్ని మోయలేక రాయుడి తల నేలకి వంగిపోయింది.

"అమ్మాయ్ రివ్వీ..." అన్నాడు. 

రివ్వి దారి వదిలింది. "తాగండి పెద్దయ్యా. నీళ్ళు అందరివీ. కానీ ఇక మీదట ఆటగాళ్ళని ఎంచేది మీరు కాదు, ముత్తెమ్మవ్వ. కొత్తగా వచ్చే పిల్లలకి కాయ పట్టడం నేర్పేది నేను. పడేసేవాళ్ళని ముందు పంపండి. వాళ్ళకే నేను కావాలి."

రాయుడు తలూపాడు. మందలో అందరూ తాగాక, ఆఖరున తనూ తాగాడు.

రివ్వి ఆ తర్వాత ఎప్పుడూ కాయ పడెయ్యలేదా అని అడుగుతారేమో. పడేసింది. మరుసటేడు అయిదింటిలో ఒకటి పడేసింది. పందికూనలు, అప్పటికి పెద్ద పందులయ్యాయి లెండి, పండగ చేసుకున్నాయి. రివ్వి పెంకులు ఏరి పక్కన పెట్టి, ఇంకోటి విసరమంది.

కథ అయింది నాయనా. లేచి వెళ్ళేముందు ఒక్కటి మనసులో పెట్టుకోండి. పరుగు మర్చిపోయినా ఫరవాలేదు, గెలుపు మర్చిపోయినా ఫరవాలేదు. అడవంతా వద్దు వద్దంటుంటే, అందరూ నవ్వే చేతుల్లో పగడమ్మ తన బిడ్డని పెట్టింది చూశారా, ఆ పని మర్చిపోవద్దు. మీ ఇంట్లో, మీ బడిలో, మీ వీధిలో అన్నీ జారవిడిచేవాళ్ళు ఒకరు ఉంటారు. ఈ వారంలోగా మీకు ఇష్టమైన వస్తువొకటి తీసుకెళ్ళి వాళ్ళ చేతిలో పెట్టి, "పట్టుకో" అనండి. పక్కవాళ్ళు ఏమన్నా సరే, అనండి. ఆ స్వామి మీ చేతుల్నీ, వాళ్ళ చేతుల్నీ చల్లగా చూస్తాడు.

నీతి: నేర్చుకుంటున్నవారిని మధ్యలోనే పనికిరారని తేల్చేసేవాడు తానే వెనకబడతాడు, వారిని నమ్మి ఓపికగా నేర్పేవాడు, పడేసినా మళ్ళీ చెయ్యి చాచేవాడు, ఇద్దరూ గెలుస్తారు.